మళ్లీ ఒక్కసారి చెప్పండి

ముందుగా రెండు మాటలు పలుకుతాను, జాగ్రత్తగా వినండి. మేకు. మేక. ఒకటి గోడకు కొట్టేది, ఇంకోటి ఆకులు మేసేది. రెండిటికీ మొదటి అక్షరం 'మే'. పలక మీద అలాగే దిద్దుకున్నాం. ఇప్పుడు నెమ్మదిగా ఇంకోసారి: మేకు... మేక. మీరు కూడా పైకి అనండి. మేకు అన్నప్పుడు నోరు కొంచెమే తెరుచుకుంటుంది. మేక అన్నప్పుడు దవడ కిందికి దిగి, 'మే' కాస్త వెడల్పుగా వస్తుంది. వెనకాల వచ్చే అచ్చు ఉకారమైతే ఒక పలుకు, అకారమైతే మరో పలుకు. మనలో చాలామందిమి మాటలు వచ్చిన నాటి నుంచీ ఈ తేడా పాటిస్తూనే ఉన్నాం. అమ్మ నేర్పలేదు, పంతులుగారు చెప్పలేదు, పెద్దబాలశిక్ష చదివి తెలుసుకున్నదీ కాదు.

మన నోట్లోనే ఉండి మన చెవికి చిక్కని ఇలాంటి సంగతులు పట్టుకోవడమే కొందరు పిల్లల చదువు. దాన్ని భాషాశాస్త్రం అంటాం, లింగ్విస్టిక్స్ అన్నా తెలుస్తుంది. ఆ శాస్త్రంలో ఎమ్మే పూర్తిచేసి పరిశోధనలో చేరిన అమ్మాయిలూ అబ్బాయిలూ ఉస్మానియాలో ఉన్నారు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఉన్నారు, ఇఫ్లూ అని పిలిచే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఉన్నారు, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. నేనూ ఆ దారిన వచ్చి, ఇప్పుడు వాళ్లకు పాఠం చెబుతున్నాను. వాళ్ల పగలూ రాత్రీ ఎలా గడుస్తాయో, ఏ అలవాట్లు వాళ్లను నిలబెడతాయో చెప్పాలని ఈ ప్రసంగం ఒప్పుకున్నాను.

సెలవులకు ఇంటికి వెళ్లిన ఈ పిల్లలను చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న నాకు బాగా తెలుసు. "అయితే నీకు ఎన్ని భాషలు వచ్చు?" అడగడంలో తప్పు లేదు. కానీ వీళ్ల పని భాషలు పోగేసుకోవడం కాదు. ఒక భాష ఎలా కట్టి ఉందో, దానిలో ఏ ముక్క ఏ పని చేస్తుందో, ఒక మాట తర్వాత ఇంకో మాట ఎందుకు అక్కడే వస్తుందో కనిపెట్టడం. తెలుగు ఒక్కటే వచ్చినవాళ్లు కూడా తెలుగు మీదే జీవితమంతా పనిచేయవచ్చు. చేసినవాళ్లున్నారు. చేకూరి రామారావు గారు అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఉస్మానియాలో పాఠం చెప్పారు. 1975లో వచ్చిన ఆయన 'తెలుగు వాక్యం' చూడండి. మనం రోజూ వాడే మామూలు వాక్యాలే అందులో ఉంటాయి. అయినా అంతకుముందు మనం వాటిని ఆ కంటితో చూడలేదు.

మొదటి సంవత్సరం కోర్సువర్కు. దాని గురించి ఎక్కువ చెప్పను. పాఠాలు, సెమినార్లు, గైడుతో చర్చలు అన్ని శాఖల్లోనూ ఉండేవే. ఒక్క ధ్వనిశాస్త్రం సంగతి మాత్రం చెప్పాలి. ప్రపంచంలోని భాషల ధ్వనులన్నిటినీ రాసుకోవడానికి 1888లో మొదలై, ఇప్పటికీ దిద్దుబాట్లు పొందుతున్న ఒక అంతర్జాతీయ లిపి ఉంది. ఆ లిపి నేర్చుకోవడం అంటే గుర్తులు కంఠస్థం చేయడం అనుకుని వస్తారు. వచ్చాక తెలుస్తుంది, అసలు నేర్చుకోవలసింది చెవి అని. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒకే ధ్వనిని పదిసార్లు, ఇరవైసార్లు వింటారు. నాలుక పళ్లకు తగిలిందా, పళ్ల వెనక చిగురుకు తగిలిందా, మడత పడిందా? ఊపిరి లోపలికి పోయిందా, బయటికి వచ్చిందా? ఆంస్టర్‌డాంలో ఇద్దరు పండితులు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. మాటను అందులో పెడితే తెర మీద నల్లటి పట్టీలుగా కనిపిస్తుంది. మేకులో 'మే'కీ, మేకలో 'మే'కీ ఆ పట్టీలు వేరువేరు చోట్ల ఉంటాయి. చెవి అనుమానించినదాన్ని కన్ను రూఢి చేస్తుంది. అయితే ముందు చెవి అనుమానించాలి. ఏం వెతకాలో తెలియకపోతే ఎంత మంచి యంత్రమూ చూపించదు.

ఈ శిక్షణ మొదలయ్యాక పిల్లల్లో ఒక మార్పు వస్తుంది. సిటీబస్సులో కండక్టరు "ఎవరన్నా దిగేటోళ్లు ఉన్నరా" అంటే టికెట్టు తీసుకుంటూనే ఆ 'ఉన్నరా'లో అచ్చు ఎంత పొడుగు ఉందో గమనిస్తారు. మెస్సులో శ్రీకాకుళం స్నేహితురాలు ఒకలా, నల్గొండ స్నేహితురాలు ఇంకోలా అన్న మాటను చేతికందిన కాగితం మీద రాసుకుంటారు. నేను మొదటి వారంలోనే ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకోమంటాను. తేదీ, ఊరు, మాట్లాడిన మనిషి సుమారు వయసు, విన్న వాక్యం విన్నట్టుగా. ఆ మనిషి పేరు అక్కర్లేదు, రాయకూడదు కూడా. వాక్యాన్ని సరిదిద్దకుండా రాయడం అలవాటు కావడానికి నెలలు పడుతుంది. మన చెయ్యి మనకు తెలియకుండానే 'ఉన్నరా'ని 'ఉన్నారా' చేసేస్తుంది. చదువుకున్న చెయ్యి అలా చేస్తుంది. దాన్ని ఆపడం ఈ చదువులో మొదటి క్రమశిక్షణ.

ఇక ఊళ్ల సంగతికి వస్తాను. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది.

ఆదిలాబాదు, కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాల్లోనూ, సరిహద్దు దాటితే మహారాష్ట్రలో యవత్మాల్, చంద్రాపూర్ వైపునా కొలాములు ఉంటారు. వాళ్ల భాష కొలామీ. మన తెలుగు కుటుంబానికే చెందిన ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల్లో సుమారు 1,28,000 మంది తమ మాతృభాష కొలామీ అని చెప్పారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎమెనో అనే పండితుడు 1930లలో వార్ధా దగ్గర ఈ భాష విని రాసుకుని, 1955లో పుస్తకం తెచ్చారు. అంటే ఇది కొత్తగా కనిపెట్టిన భాష కాదు. అయినా వార్ధా కొలామీ వేరు, ఉట్నూరు చుట్టుపక్కల కొలామీ వేరు. అప్పటి పలుకు వేరు, ఇప్పటి పలుకు వేరు. ఒక పరిశోధక విద్యార్థికి ఒక జీవితకాలం సరిపడేంత పని అక్కడ ఉంది.

హైదరాబాదులో రాత్రి బస్సెక్కి, ఆదిలాబాదు వైపు మూడువందల కిలోమీటర్లు వెళ్లి, తెల్లవారి ఇంకో బస్సు పట్టుకుని గూడెం చేరిన విద్యార్థి దగ్గర ఒక రికార్డరు, ఒక మైకు, నోటుబుక్కులు, పవర్‌బ్యాంకులు ఉంటాయి. ప్రశ్నల పట్టిక కూడా ఉంటుంది. శరీర భాగాలు, చుట్టరికాలు, అంకెలు, నీళ్లు, నిప్పు, ఇల్లు. ఏ భాషలోనైనా త్వరగా మారని మాటలు ముందు అడగాలని మేము నేర్పుతాం. అడిగితే ఎంత ముచ్చటగా ఉంటాయో! మన నీరు అక్కడ 'ఈర్'. మన ఇల్లు అక్కడ 'ఎల్ల'. మన చిచ్చు అక్కడ 'కిస్'. ఇందులో కకారమే పాతది. ఇకార ఎకారాల ముందు పాత కకారం తెలుగులో చకారమైంది. అందుకే కన్నడంలో కివి, మనకు చెవి. తరగతిలో సూత్రంగా చదివినది, చలిమంట దగ్గర కూర్చున్న పెద్దమ్మ నోట మొదటిసారి విన్నప్పుడు విద్యార్థి మొహం వెలగడం నేను చూశాను. ఆ ఒక్క ఆనందం కోసమైనా ఈ చదువు చదవవచ్చు.

కానీ ఆ పోలికల్లోనే ప్రమాదం ఉంది. అంకెలు అడగండి. నాలుగు దాకా కొలామీవి. అయిదు నుంచి తెలుగువి, అరువు వచ్చినవి. ఒకే నోటి నుంచి, ఒకే ఊపిరిలో వచ్చిన అంకెల్లో కొన్ని పుట్టింటివి, కొన్ని పక్కింటివి. విద్యార్థి వాటిని విడదీయగలగాలి. తెలుగులా వినిపించినదంతా మన చుట్టరికం అనుకుంటే చరిత్రే తారుమారవుతుంది.

అడిగే పద్ధతిలో కూడా ఎన్నో చిక్కులున్నాయి. "నా చెయ్యి అని మీ భాషలో ఎలా అంటారు?" అని అడిగితే, ఎదుటివాళ్లు ఎంతో సహజంగా 'నీ చెయ్యి' అని చెబుతారు. చెయ్యి అడిగినవాళ్లది కదా! వేలితో బల్లను చూపించి అడిగితే వేలు పేరు చెప్పవచ్చు. తెలుగు వాక్యం ఇచ్చి కొలామీలోకి మార్చమంటే, మర్యాద కొద్దీ తెలుగు వాక్యం నడకలోనే మార్చి ఇస్తారు, వాళ్లలో వాళ్లు అలా మాట్లాడుకోకపోయినా. అందుకని పట్టికతో మొదలుపెట్టినా పట్టికతో ఆగకూడదు. వంట ఎలా చేస్తారో చెప్పించుకోవాలి, అడవికి వెళ్లివచ్చిన సంగతి చెప్పించుకోవాలి, భీమయక్ దేవుడి కథ చెప్పేవాళ్లుంటే రాత్రంతా కూర్చుని వినాలి. పిల్లలు పోట్లాడుకుంటుంటే దూరం నుంచి వినాలి.

ఇందుకు ఒక ఉదాహరణ చెబుతాను. కొంచెం వ్యాకరణం ఉంటుంది, ఓపిక పట్టండి. మన తెలుగులో 'అతను వచ్చాడు' అంటాం. 'ఆమె వచ్చింది' అంటాం, 'మేక వచ్చింది' అంటాం. ఒక్కరే ఉన్నప్పుడు ఆడమనిషికీ మేకకూ క్రియ ఒకటే. ఎక్కువమంది అయ్యేసరికి లెక్క మారుతుంది. మగవాళ్లు వచ్చారు, ఆడవాళ్లు వచ్చారు, మేకలు వచ్చాయి. మనుషులందరూ ఒక పక్కకు వస్తారు. కొలామీలో అలా కాదు. అక్కడ బహువచనంలో కూడా మగవాళ్లు ఒక పక్క ఉంటారు. ఆడవాళ్లు, మేకలు, చెట్లు, రాళ్లు అన్నిటికీ ఇంకో రూపం. ఇందులో ఆడవాళ్లకు అవమానం ఏమీ లేదు, అది వ్యాకరణం అమరిక. ద్రావిడ భాషల్లో ఈ రెండు తీరుల్లో ఏది పాతది అన్న చర్చ పండితుల మధ్య చాలాకాలంగా ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. విద్యార్థి తెలుగులో "వాళ్లు వచ్చారు అని ఎలా అంటారు" అని అడుగుతాడు. చెప్పేది ఊరి పెద్దమనిషి. ఆయన మనసులో నలుగురు మగవాళ్లు మెదులుతారు. మగవాళ్ల రూపం చెబుతాడు. విద్యార్థి రాసుకుని, ఇది మన తెలుగులాగే ఉంది అనుకుని ముందుకు పోతాడు. అడిగిన ప్రశ్న సరైనదే, చెప్పిన జవాబూ సరైనదే, అయినా భాషలోని ఒక పెద్ద గది తలుపు తెరుచుకోనే లేదు. బోరింగు దగ్గర ఒక కొలాం ఆడపడుచు తన తోటి ఆడవాళ్ల గురించి మాట్లాడుతున్నప్పుడు పక్కన ఉంటే తప్ప ఆ రూపం వినపడదు. అందుకే అమ్మాయిలు పరిశోధనకు వచ్చినప్పుడు నేను ఎంతో సంతోషిస్తాను. వంటింటి దగ్గరా, బావి దగ్గరా, పత్తి చేలోనూ జరిగే మాటలు వాళ్లకు అందినంతగా అబ్బాయిలకు అందవు. మన భాషాశాస్త్రంలో చాలాకాలం ఊరి మగవాళ్లు చెప్పిన భాషే ఎక్కువగా రికార్డయింది. ఆ లోటు తీరాలి.

పత్తి చేను అన్నాను. ఊళ్లో ఎవరూ విద్యార్థి కోసం ఖాళీగా కూర్చోరు. పత్తి తీసే రోజుల్లో పొద్దున్నే అందరూ చేలల్లో ఉంటారు. ఎండాకాలం వస్తే ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే అడవికి పోతారు. విద్యార్థి తన పని గంటలు వాళ్ల పని గంటలను బట్టి పెట్టుకోవాలి. చాలామంది వాళ్లతో పాటు చేలోకి వెళ్తారు, చేతనైనంత పత్తి తీస్తారు, మధ్యలో ఒక మాట అడుగుతారు. సాయంత్రం వంటలయ్యాక అసలు రికార్డింగు మొదలవుతుంది. మొదలుపెట్టే ముందు ఇది దేనికోసమో, ఎవరు వింటారో, వద్దనుకుంటే ఎప్పుడైనా ఆపమనవచ్చని వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇది కాగితం మీద సంతకంతో అయిపోయే పని కాదు. కొలాములు అధికారులకు కాగితాల మీద వేలిముద్రలు వేసీ వేసీ ఉన్నారు. కాబట్టి మాటతో ఒప్పించాలి.

ఆ రాత్రి నిద్రకు ముందు ఇంకా పని ఉంటుంది. ఆ రోజు రికార్డింగులన్నిటికీ తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ల గుర్తు వేసి పేర్లు పెట్టాలి. రెండు వేరువేరు డ్రైవుల్లోకి కాపీ చేయాలి. నోటుబుక్కులో గబగబా రాసుకున్నదాన్ని శుభ్రంగా తిరగరాయాలి. రేపు చేద్దాంలే అనుకున్న రోజున, మాట మీద పెట్టిన గీత దీర్ఘానికా, ఊనికకా అన్నది మర్నాటికి గుర్తుండదు. నేను ఈ ఒక్క విషయంలో మాత్రం పిల్లలతో కఠినంగా ఉంటాను. ఏ రోజు పని ఆ రోజే.

రికార్డింగు పూర్తయితే పని పూర్తయినట్టు బయటివాళ్లు అనుకుంటారు. అసలు పని క్యాంపస్‌కు తిరిగివచ్చాక మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు తయారుచేసిన ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగు పెట్టుకుని, ఒక్కో వాక్యం వింటూ రాయాలి. మొదటి వరుసలో విన్నది విన్నట్టు. రెండో వరుసలో మాటలను ముక్కలుగా విడదీసి. మూడో వరుసలో ఒక్కో ముక్క చేసే పని. నాలుగో వరుసలో మొత్తం అర్థం. తెలుగులో చూపిస్తాను: 'చెప్పించుకున్నాడు'. మనకు ఒక్క మాట. విడదీస్తే చెప్పు అనే ధాతువు, ఇంకొకరి చేత అనే 'ఇంచు', తన కోసం అనే 'కొను', జరిగిపోయిందనే గుర్తు, చివర అతను అనే గుర్తు. ఐదు ముక్కలు. ఇది మాతృభాష కాబట్టి నిమిషంలో విడదీశాం. కొత్త భాషలో ఏ ముక్క ఎక్కడ తెగుతుందో తెలియకుండా ఇదే పని చేయాలి. ఒక గంట రికార్డింగుకు నలభై గంటల పని పట్టిందంటే మా శాఖల్లో ఎవరూ ఆశ్చర్యపోరు. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు, కళ్లు గుంజేదాకా, ఒక్కొక్క ధ్వనీ.

ఈ పని చేస్తున్నప్పుడు విద్యార్థి నోటి నుంచి ఎక్కువగా వచ్చే మాట "మళ్లీ ఒక్కసారి చెప్పండి." ఊళ్లో మనుషులను అడుగుతాడు, గదిలో కూర్చుని రికార్డరును అడుగుతాడు. మళ్లీ వింటే ముందు వినపడనిది వినపడుతుంది. ఒక్కోసారి ముందు వినపడింది అసలు అక్కడ లేదని తేలుతుంది. వారం రోజుల రాత అంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. అలా కొట్టేసి తిరిగి రాయగలిగిన విద్యార్థి మీద నాకు నమ్మకం కుదురుతుంది.

వాక్యం మీద పనిచేసేవాళ్ల కష్టం ఇంకో రకం. వాళ్లు తమ భాషనే పరీక్షకు పెడతారు. 'రాముడు తన పుస్తకం తెచ్చాడు' అంటే తన అంటే ఎవరు? 'రాముడు తన పుస్తకం తెచ్చాడని సీత అంది' అంటే 'తన' రాముడా, సీతా? ఒక్కో మాట అటూ ఇటూ మార్చి, ఇది మనం అంటామా, అనమా అని నిర్ణయించాలి. అనని వాక్యానికి ముందు నక్షత్రం గుర్తు పెడతారు. ఒకే వాక్యాన్ని పదే పదే అనుకుంటే కాసేపటికి అన్నీ సరిగ్గానే ఉన్నట్టు అనిపించడం మొదలవుతుంది. అప్పుడు లేచి బయటికి వెళ్లాలి. మర్నాడు తాజా చెవితో రావాలి. హాస్టల్లో స్నేహితులను అడగాలి, మెస్సులో వడ్డించే అన్నను అడగాలి, ఫోనులో అమ్మమ్మను అడగాలి. జవాబు ఇలా ఉండాలని మనసులో ముందే అనుకున్న సంగతి గొంతులో తెలియకుండా అడగాలి.

ఈ అలవాట్లు ఇవాళ పుట్టినవి కావు. 1928లో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదువుకుని, అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ 1955లో ఎమ్మే, 1957లో పిహెచ్‌డీ. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన చేసిన ఆ పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. ద్రావిడ భాషల మాటలన్నీ ఒక్కచోట చేర్చిన బరో, ఎమెనోల నిఘంటువు వచ్చింది కూడా 1961లోనే. అంటే ఆయన విద్యార్థిగా పని చేస్తున్న రోజుల్లో ఇప్పటి పిల్లలు కంప్యూటరులో క్షణంలో తెరిచే ఆ పుస్తకం ఇంకా అచ్చుకాలేదు. ఒక్కో ధాతువుకూ తమిళంలో ఏముంది, కన్నడంలో ఏముంది, గోండీలో ఏముంది అని తరచి చూడాలి. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాత చేసిన పని. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో చదివి వచ్చినాయన మన రైతుల దగ్గరికి వెళ్లారు. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో సేకరింపజేసి 1962లో వ్యవసాయ పదాల కోశం తెచ్చారు. 1971లో చేనేత పదాల కోశం వచ్చింది. అరకు వైపు కొండ భాష మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని, 1969లో ఆ భాషకు వ్యాకరణం రాశారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ 1962లో ఆయన చేతుల మీదుగా మొదలైంది. మా గురువులకు గురువు.

ఆయనకన్నా ముందు గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆగస్టు 29న మనం ఆయనను వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్న సంగతి అంతగా తలుచుకోం. శాఖ లేదు, గైడు లేడు, ఫెలోషిప్పు లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, ఏజెన్సీ కొండల్లో తిరిగారు, సవర పిల్లల కోసం బళ్లు నడిపారు. ఆ తిరుగుళ్లలో మలేరియా వచ్చింది. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతింది. ఒక భాషను వినడానికి వెళ్లిన మనిషి చెవులు పోగొట్టుకున్నాడు. అయినా ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం మద్రాసులో అచ్చయ్యేనాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ఏసీ గదిలో రికార్డింగు సరిగా రాలేదని విసుక్కునే పిల్లలకు నేను ఈ సంగతి చెబుతాను. మందలించడానికి కాదు, వాళ్లు ఎవరి వరుసలో నిలబడ్డారో తెలియాలని.

ఇప్పటి కష్టాలు ఇప్పటివి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్పు వచ్చినవాళ్లకు 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. అది రానివాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చేది నెలకు 8,000. ఆ ఎనిమిది వేలలో మెస్సు బిల్లు కట్టి, ఆదిలాబాదుకు బస్సు చార్జీలు పెట్టుకుని, రోజంతా కూలి మానుకుని మాట చెప్పిన మనిషికి ఎంతో కొంత ఇచ్చి, పరిశోధన చేయమంటున్నాం. ఇది చాలదు. ఊరికి వెళ్లి చేసే పరిశోధనకు విడిగా డబ్బు ఉండాలని నేను ప్రతి సమావేశంలోనూ చెబుతూ వస్తున్నాను, రేడియోలోనూ చెబుతున్నాను. నిబంధనల ప్రకారం మామూలుగా ఆరేళ్లలో సిద్ధాంతవ్యాసం ఇచ్చేయాలి. ఆరేళ్లంటే చాలా అనిపిస్తుంది. ఒక ఊరి నమ్మకం సంపాదించడానికే మొదటి ఏడాది పోతుంది. ఈలోగా ఇంటి దగ్గర చెల్లెలి పెళ్లి, నాన్న ఆరోగ్యం, తోటివాళ్ల ఉద్యోగాలు. నాలుగో ఏడు చాలామందికి గడ్డుకాలం. డేటా గుట్టగా ఉంటుంది, రాత కదలదు. అలాంటప్పుడు నేను కొత్త సిద్ధాంతాలు చదవమని చెప్పను. రోజూ ఒక్క పేజీ డేటా తీసుకుని దాన్ని గురించి ఒక్క పేరా రాయమంటాను. మంచి ఉదాహరణ ఒకటి చేతికి చిక్కితే, అధ్యాయం దాని చుట్టూ దానంతట అదే అల్లుకుంటుంది.

ఇంకో మాట. సిద్ధాంతవ్యాసం ఇంగ్లీషులో రాస్తారు, లైబ్రరీలో చేరుతుంది, డాక్టరు అన్న బిరుదు వస్తుంది. మరి రాత్రంతా కథ చెప్పిన పెద్దమ్మకు ఏం వచ్చింది? ఈ ప్రశ్న వేసుకునే విద్యార్థులు ఇప్పుడు పెరిగారు. అది నాకు చాలా ధైర్యం ఇస్తోంది. రికార్డింగులు ఫోనుల్లో వేసి ఊళ్లో ఇస్తున్నారు. చెప్పినవాళ్ల మనవలు విని నవ్వుకుంటారు, కొత్త మాట వినపడితే అడుగుతారు. కథలను తెలుగు లిపిలో బొమ్మలతో చిన్న పుస్తకాలుగా వేసి బడికి ఇచ్చినవాళ్లున్నారు. ఆదిలాబాదు జిల్లాలో గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల నుంచి గోండీ లిపి బయటపడి, 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ లిపిలో ఇప్పుడు కంప్యూటరు మీద టైపు చేయవచ్చు. కొలాం, గోండు ఇళ్ల నుంచే పిల్లలు భాషాశాస్త్రంలో చేరాలని నా కోరిక. వాళ్లు వస్తే మేము ఏళ్లు పట్టి అడిగి తెలుసుకున్నది వాళ్లకు చిన్నప్పుడే తెలిసి ఉంటుంది. మాకు అడగడమే తోచని ప్రశ్నలు వాళ్లు వేయగలరు. తల్లిదండ్రులు ఎవరైనా వింటుంటే, మీ ఇంట్లో మాట్లాడే భాష విశ్వవిద్యాలయంలో చదువుకోదగిన విద్య అని మీ పిల్లలకు చెప్పండి. ఎమ్మే భాషాశాస్త్రానికి ఏ డిగ్రీ చదివినవాళ్లయినా ప్రవేశపరీక్ష రాయవచ్చు.

ఊళ్లో ఉండి వింటున్న శ్రోతలకు ఒక మనవి ఉంది. ఎప్పుడైనా ఒక అమ్మాయో అబ్బాయో సంచీ తగిలించుకుని మీ గడపకు వచ్చి, మీ నాగలి భాగాల పేర్లో, మగ్గం గుంటలో ఉన్న సామాను పేర్లో, మీ అత్తవారి ఊళ్లో చింతచిగురును ఏమంటారో అడిగితే, ఒక గంట వాళ్లకు ఇవ్వండి. ఎక్కడి నుంచి వచ్చారో, గైడు ఎవరో అడిగి తెలుసుకోండి, అది మీ హక్కు. చెప్పేటప్పుడు పుస్తకంలో ఉండే మాట వెతక్కండి. మీ అమ్మ ఎలా అనేదో అలా చెప్పండి. పక్కింటివాళ్లు ఇంకోలా అంటారని తెలిస్తే అదీ చెప్పి, వాళ్ల ఇల్లు చూపించండి. చెప్పిందే మళ్లీ చెప్పమంటే విసుక్కోకుండా, మొదటిసారి అన్నట్టే, అదే వేగంతో అనండి. పని అయ్యాక మీ గొంతు రికార్డు ఒకటి మీ పిల్లల ఫోనులోకి పంపి వెళ్లమనండి.